గ్లాసు దించి చూశావా?

మొన్న దసరా సెలవులకి బెజవాడ వెళ్లినప్పుడు బెంజి సర్కిల్ కింద సిగ్నల్ దగ్గర ఆగాను. పక్కనే ఒక ఆటో వచ్చి ఆగింది. వెనక సీటుకి పైన, ఎక్కినవాళ్ల చెవులకి జానెడు దూరంలో రెండు ఓవల్ స్పీకర్లు, వాటి చుట్టూ నీలం రంగు సీరియల్ లైట్లు. పాట హోరెత్తిపోతోంది, నెంబరు ప్లేటు వణుకుతోంది. అంత మోతలోనూ డప్పు దెబ్బకి బరువు లేదు, చేటలో బియ్యం చెరుగుతున్నట్టు ఉంది. రెండింటిలో ఒకదానికి వైర్లు తిరగబడ్డాయని నాకు తెలిసిపోయింది. దిగి వెళ్లి, "తమ్ముడూ, ఒకదానికి ఎరుపూ నలుపూ మార్చి పెట్టు" అని చెబుదామని డోరు మీద చెయ్యి కూడా వేశాను. ఈలోగా పచ్చలైటు పడింది. అతను బందరు రోడ్డులో బస్టాండు వైపు తిరిగిపోయాడు.

ఇదొక జబ్బు. నాకు 1991 వేసవిలో అంటుకుంది.

ఆ ఏడు టెన్త్ పరీక్షలు రాశాను. ఇంట్లో వదిలేస్తే ఏలూరు కాలవలో ఈతలు కొడుతూ ఏదో ఒకటి మీదకి తెస్తాడని మా నాన్న నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లి ఆటోనగర్‌లో బళ్లకి స్పీకర్లు బిగించే మా బాబాయ్ షాపు ముందు దించేశాడు. "వీడికి ఏదైనా పని చెప్పరా, జీతం ఇవ్వక్కర్లేదు" అన్నాడు. బాబాయ్ తలెత్తలేదు. "కూర్చో. ఆ స్క్రూలన్నీ సైజులవారీగా వేరు చెయ్యి" అన్నాడు. బోర్నవిటా డబ్బా నిండా స్క్రూలు. సాయంత్రం దాకా అదే పని. మర్నాడు వెళ్లేసరికి అవన్నీ మళ్లీ ఒకే డబ్బాలో కలిసి ఉన్నాయి. ఇప్పటికీ అది కావాలని చేశాడో, పొరపాటున జరిగిందో ఆయన చెప్పడు.

1966లో మొదలైన ఆటోనగర్‌కి అప్పటికి పాతికేళ్లు. ఆసియాలోనే పెద్దదని మావాళ్లు ఎవరు దొరికితే వాళ్లకి చెప్పేవాళ్లు. ఒక వీధి అంతా లారీ బాడీలు, ఒక వీధి అంతా కమాన్ కట్టలు, ఒక వీధంతా రేడియేటర్లు. బాడీ కట్టే రెండు షెడ్ల మధ్య ఇరుకున పదడుగుల గది మా బాబాయ్ షాపు. పొద్దున్నుంచీ అటు రంపం, ఇటు సుత్తి. అంత గోలలో కూర్చుని స్పీకర్లు బిగించి, అవి బాగా పలుకుతున్నాయో లేదో చెవితో తేల్చుకోవాలి. అందుకే అసలు పరీక్ష ఎప్పుడూ మధ్యాహ్నం అన్నాల వేళ పెట్టేవాడు. వీధంతా క్యారేజీలు విప్పుకుని కూర్చున్నప్పుడు ఒక్క ముప్పావుగంట ఆటోనగర్ నోరు మూసుకునేది.

ఆ పరీక్ష పాటలతో చేసేవాడు కాదు. ఇది చెబితే ఎవరూ నమ్మరు. కస్టమర్లు తమకిష్టమైన క్యాసెట్లు పట్టుకొచ్చి, "ఇది వెయ్యి గురువుగారూ, దీంట్లో తబలా అదిరిపోద్ది" అనేవాళ్లు. బాబాయ్ ఆ క్యాసెట్ మర్యాదగా పక్కన పెట్టి మీడియం వేవ్ 837 మీద ముల్లు పెట్టేవాడు. ఆకాశవాణి, విజయవాడ కేంద్రం. వార్తలైతే మరీ మంచిది, లేదంటే వ్యవసాయ కార్యక్రమం. పాటలో తప్పుని పాట కప్పేస్తుందనేవాడు. మనిషి గొంతు పుట్టినప్పటినుంచీ వింటున్నాం కాబట్టి అందులో వెంట్రుకవాసి తేడా వచ్చినా చెవి పట్టేస్తుందట. "భారీ వర్షాలు" అన్నప్పుడు 'భా' దగ్గర కుండలో తల పెట్టి మాట్లాడినట్టు మోగిందంటే చెక్క వదులుగా ఉన్నట్టు. "శాసనసభ సమావేశాలు" అన్నప్పుడు శ, స రెండూ ఒకేలా 'స్స్స్' అని ఈల వేశాయంటే పైగొంతు మరీ ఎక్కువైనట్టు. భకీ బకీ, శకీ సకీ తేడా తెలియని స్పీకరు తెలుగుదేశంలో పనికిరాదని ఆయన తీర్పు. పార్టీ గురించి కాదు, దేశం గురించే అన్నాడు. కానీ అది ఎన్నికల వేసవి కావడంతో బల్ల మీద ఉన్నవాళ్లు నవ్వారు.

ఎన్నికలంటే గుర్తొచ్చింది. ఆ మే నెలంతా మాకు ప్రచారం జీపుల పనే. జీపు పైన క్యారియరు, క్యారియరుకి ముందొక అహూజా హారను, వెనకొక హారను. హారను బిగించడం చాలా తేలికనుకున్నాను. బాబాయ్ మూతిని కాస్త కిందకి వంచేవాడు, వాన పడితే నీళ్లు లోపల నిలవకుండా బయటకి జారిపోవడానికి. మాట్లాడే మనిషి ఎప్పుడూ హారను మూతికి వెనకే ఉండాలి, ముందుకొచ్చాడా మైకు కూత పెడుతుంది. ఆ హారనులోకి మోటు శబ్దాలు పంపకూడదు. దాని గొంతుకి కిందిస్థాయి అందదు. బలవంతంగా పంపితే లోపలి పొర చిరిగి ఊరుకుంటుంది. "ఇది నాదస్వరం రా, డోలు వాయించమంటే ఎలా?" అనేవాడు. మే 21 రాత్రి శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య వార్త వచ్చింది. మర్నాడు వీధిలో షట్టర్లన్నీ మూసే ఉన్నాయి. మా షాపు ముందు మూడు జీపులు, ఆరు హారన్లు, ఒక్కటీ నోరెత్తలేదు. బాబాయ్ సగం షట్టరు ఎత్తి, లోపల బల్ల మీద ఉన్న చిన్న రేడియో ఒక్కటే పెట్టుకుని కూర్చున్నాడు. స్పీకరు ఎలా పలుకుతోందో ఆ రోజు పట్టించుకోలేదు.

నాకు మొదటి పాఠం జూన్‌లో వచ్చింది. ఆరంగుళాల స్పీకరు ఒకటి చేతికిచ్చి, దానికి పాట కలిపి, "ఎలా ఉంది?" అన్నాడు. చేతిలో ఉన్న స్పీకరు దోమలా పాడుతోంది. ఇంత పెద్ద అయస్కాంతం, ఇంత బరువు, ఇదా దీని పస అనుకున్నాను. ఆయన ఒక అట్టపెట్టె పక్క చీల్చి, మధ్యలో గుండ్రంగా కన్నం కోసి, స్పీకరుని దానికి ఆనించి పట్టుకోమన్నాడు. ఒక్కసారిగా అరచేతుల్లోకి డోలు దిగింది. అదే స్పీకరు, అదే పాట. అట్ట తీస్తే దోమ, పెడితే డోలు. పదిసార్లు తీశాను, పదిసార్లు పెట్టాను.

"కోను, అదే ఈ కాగితం గరాటు, ముందుకొచ్చినప్పుడు ముందు గాలిని తోస్తది, వెనక గాలిని లాగుతది. మధ్యలో గోడ లేకపోతే తోసిన గాలి చుట్టూ తిరిగి వెనక్కి పోయి ఆ ఖాళీని నింపేస్తది. ఇంక నీ చెవిదాకా ఏమొస్తదిరా?" అన్నాడు. తర్వాత ఇంటర్‌లో, ఆ తర్వాత డిగ్రీలో ఫిజిక్సు చదివాను. ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు. సన్నని గొంతులకి ఆ గోడ పెద్దగా అక్కర్లేదు, మోటు గొంతుకే కావాలి. అందుకే గోడ లేని స్పీకరు దోమ అవుతుంది.

ఆ లెక్కన బాబాయ్‌కి అంబాసిడర్ అంటే ప్రాణం. వెనక అద్దం కింద పలక, ఆ పలక కింద డిక్కీ. పలకకి కన్నాలు కోసి ఓవల్ స్పీకర్లు రెండు దించితే డిక్కీ మొత్తం పెట్టె అయిపోతుంది. ముందు గాలి సీట్ల వైపు, వెనక గాలి డిక్కీలో బందీ. మధ్యలో పలకకీ స్పీకరుకీ సందు ఉండకూడదు. దానికి ఆయన దగ్గరున్న మందు పాత సైకిలు ట్యూబు. నిలువునా కోసి, స్పీకరు అంచు చుట్టూ తిప్పి, దాని మీదుగా స్క్రూలు బిగించేవాడు. ఎదురెదురు స్క్రూలు, చక్రం నట్లు బిగించినట్టు. ఒకవైపు ముందే బిగించేస్తే రేకు చట్రం వంకరపోయి లోపలి కాయిల్ రాసుకుంటుందట. వంగిందో లేదో చూడటానికి నాలుగు వేళ్ల కొసలు కోను చుట్టూ ఆనించి మెల్లగా లోపలికి నొక్కి వదలాలి. గరగర వినపడకూడదు. ఆ నొక్కుడు నాకు ఇప్పటికీ వేళ్లలో ఉంది. పిల్లలకి జ్వరం వస్తే నుదురు చూసేంత మెత్తగా నొక్కాలి.

మా ఎండలకి మాత్రం ఆ వెనక పలక నరకం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, వెనక అద్దం కింద పెట్టిన స్పీకరు సంగతి చెప్పాలా? రెండు వేసవులు దాటేసరికి కోను అంచున ఉండే స్పాంజి వేలితో తాకితే పొడైపోయేది. క్యాసెట్లయితే డ్యాష్‌బోర్డు మీద అప్పడాల్లా వంగేవి. ముందే నలుపు రంగు గుడ్డ ఒకటి కప్పి ఉంచమని చెబితే ఎవరూ వినేవాళ్లు కాదు. స్పీకర్లు కనపడాలని కదా కొనుక్కునేది.

ఎరుపూ నలుపూ సంగతి కూడా ఆ అంబాసిడర్ దగ్గరే తెలిసింది. ఒకసారి రెండు స్పీకర్లూ నేనే కలిపాను. ఒక్కోటి విడిగా పెడితే బ్రహ్మాండం. రెండూ కలిపి పెడితే డోలు మాయం. బాబాయ్ తల వెనక్కి వాల్చి పది సెకన్లు విన్నాడు. జేబులోంచి పెన్సిలు సెల్లు తీసి, స్పీకరు రెండు తీగలకి అలా తాకించాడు. 'టక్' అని కోను బయటకి ఉబికింది. రెండోదానికి తాకించాడు. 'టక్' అని లోపలికి పోయింది. ఒకటి తోస్తుంటే ఇంకోటి లాగుతోంది, డిక్కీలో గాలి అటూ ఇటూ ఊగుతోంది తప్ప బయటకి రావడం లేదు. గుర్తులు చెరిగిపోయిన పాత స్పీకరు ఏది దొరికినా నేను ముందు చేసేది ఇప్పటికీ అదే పని. ఒకటిన్నర వోల్టు సెల్లు ఉంటే చాలు.

ఇక మారుతి 800. ఈ కథ మా ఇంట్లో సామెత అయి కూర్చుంది. ఒక డాక్టరు గారి తెల్ల మారుతి వచ్చింది, ముందు డోర్లలో నాలుగంగుళాల స్పీకర్లు పెట్టాలి. బాబాయ్ టీకి వెళ్లాడు. నేను డోరు ప్యాడు మీద కాగితం అతికించి, గుండ్రంగా గీసి, రేకు కత్తిరించి, స్పీకరు పెట్టి, నాలుగు స్క్రూలూ ఎదురెదురుగానే బిగించాను. వార్తలు పెట్టి చూశాను. శ వేరు, స వేరు. నా అంతవాడు లేడనుకున్నాను. డాక్టరు గారొచ్చి కూర్చుని, ఉక్కగా ఉందని అద్దం దింపే హ్యాండిల్ తిప్పాడు. సగం దిగి 'కటక్'. డోరు లోపల అద్దం కిందకి దిగే దారిలో నా స్పీకరు అయస్కాంతం అడ్డంగా కూర్చుని ఉంది. అద్దం పగల్లేదు, అదే నా అదృష్టం. కానీ గీత పడింది.

టీ గ్లాసుతో వచ్చిన బాబాయ్ నన్నేమీ అనలేదు. డాక్టరు గారికి నమస్కారం పెట్టి, "రేపు పొద్దున ఇస్తాం సార్, నా బాధ్యత" అన్నాడు. ఆయన వెళ్లాక ఒక్కటే అడిగాడు. "గ్లాసు దించి చూశావా?"

రాత్రి పదింటి దాకా ఉండి, అంగుళం మందం ప్లైవుడ్‌తో రింగు కోసి, స్పీకరుని ఆ రింగు మీదకి లేపి బిగించాడు. అయస్కాంతం అంగుళం బయటకొచ్చింది, అద్దం పూర్తిగా దిగింది. రింగు పైన రెక్సిన్ అతికించాడు, కంపెనీ నుంచే అలా వచ్చిందనిపించేలా. డోరు లోపలికి వాన నీళ్లు దిగుతాయి కదా, అయస్కాంతం మీద గొడుగులా ఒక ప్లాస్టిక్ డబ్బా మూత సగానికి కోసి పెట్టాడు. వైరు డోరులోంచి బాడీలోకి పోయేచోట రేకు కన్నానికి రబ్బరు బుష్. అది లేకపోతే తలుపు తీసి వేసినప్పుడల్లా రేకు అంచు వైరుని కోస్తూ పోతుంది, ఒకరోజు షార్టు. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి, సెట్టు పక్కన కాదు. మధ్యలో ఎక్కడ వైరు రేకుకి తగిలినా ముందు ఫ్యూజు పోవాలి, కారు కాదు. అద్దం డబ్బులు నా దగ్గర అడగలేదు. ఆ వేసవి నాకు జీతం లేదు కాబట్టి కోసుకోవడానికీ ఏమీ లేదు.

తర్వాత పన్నెండేళ్లకి నాకు సంబంధం చూసొచ్చి, అమ్మాయి బాగుంది, చేసుకుంటానని చెబితే, మా ఇంటిల్లిపాదీ ఉండగా బాబాయ్ అడిగిన మాట కూడా అదే. నా భార్యకి ఆ కథ తెలియడానికి ఇంకో ఏడాది పట్టింది.

లారీల సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే నాకు లారీ పని ఎప్పుడూ నచ్చలేదు. 24 వోల్టుల లారీలో 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరసగా ఉంటాయి. చాలామంది మెకానిక్‌లు ఒక బ్యాటరీ నుంచి మాత్రమే 12 లాగి సెట్టుకి ఇచ్చేసేవాళ్లు. పాట వస్తుంది, డ్రైవరు సంతోషంగా వెళ్లిపోతాడు. నాలుగు నెలలకి ఆ బ్యాటరీ ఎప్పుడూ అరకడుపుతో, రెండోది ఎప్పుడూ అజీర్తితో రెండూ పోతాయి. బాబాయ్ 24ని 12కి దించే డబ్బా పెట్టనిదే పని ఒప్పుకునేవాడు కాదు. దాంతో సగం లారీలు పక్క వీధికి పోయేవి. పిన్ని దాని గురించి చాలా మాటలన్నది. ఆటోలదింకో గోల. బండిదేమో చిన్న బ్యాటరీ, కుర్రాడికేమో నాలుగు స్పీకర్లు కావాలి. రాత్రి సవారీలు లేనప్పుడు స్టాండులో పాటలు పెట్టుకుని, పొద్దున్నే ఇంజను లేవక తిట్టుకుంటూ వచ్చేవాళ్లు.

పడవ పని మాకు 1994 కార్తీకమాసంలో వచ్చింది. నేను అప్పటికి డిగ్రీ చదువుతున్నాను. సెలవు దొరికితే షాపులోనే. కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీకి ఎగువన పడవ నడిపే ఒకాయన వచ్చాడు. కార్తీకంలో ఊళ్లో జనం వనభోజనాలకి లంకల్లోకి వెళ్తారు కదా, వాళ్లని దాటించే పడవ. వేరే పడవాళ్లు టేపురికార్డరు ఒళ్లో పెట్టుకు తిరుగుతున్నారు, మనది కారులా ఉండాలన్నాడు. "మేస్త్రీ గారూ, ఖర్చుకి వెనకాడను, ఈ ఆదివారానికి కావాలి" అన్నాడు.

బాబాయ్‌కి ఈత రాదు. పడవెక్కడమంటే భయం. అది నాకు రేవులో తెలిసింది. పడవ గట్టుకి కట్టి ఉండగానే గుంజ వదలకుండా పని చేశాడు. అయినా ఆ భయాన్ని నాకు చెప్పలేదు, "నడుము నొప్పిగా ఉందిరా, నువ్వే అటు చివరికి వెళ్లు" అనేవాడు.

మొదట కారు తెలివే వాడాం. నాలుగు స్పీకర్లు, అంచు పలకలకి, మూతులు బయటకి. మోత బ్రహ్మాండంగా ఉందనిపించింది, ఎందుకంటే మేం గట్టు మీద నిలబడి విన్నాం. పడవ నడిమికి వెళ్లాక లోపల ఉన్నవాళ్లకి డీజిల్ ఇంజను తప్ప ఇంకోటి వినపడలేదు. వాల్యూం పెంచమని వాళ్లు, బట్టలుతుకుతున్న రేవులో తలలెత్తి చూస్తున్న జనం. సాయంత్రమైతే మరీను. నీళ్ల మీద గాలి చల్లబడి పైన వెచ్చగా ఉన్నప్పుడు చప్పుడు పైకి పోకుండా వంగి నీళ్ల మీదే జారుకుంటూ పోతుంది. పాట సీతానగరం గుళ్లో వినపడిందట, పడవలో మాత్రం లేదు.

"కారుకి గోడలున్నాయి, తలుపులున్నాయి. దీనికేమున్నాయిరా? ఆకాశం" అన్నాడు బాబాయ్. అన్నీ ఊడదీశాం. పైన టార్పాలిన్ కట్టే గొట్టాలకి స్పీకర్లు తగిలించి, మూతులు లోపలికి, కిందకి, కూర్చున్నవాళ్ల భుజాల వైపు తిప్పాం. ఒకటే పెద్ద గొంతు కంటే నాలుగు చిన్న గొంతులు దగ్గర్నుంచి. మోటు శబ్దం కోసం కూర్చునే బల్ల కింద ప్లైవుడ్ పెట్టె, అన్నివైపులా మూసినది, దానికొక స్పీకరు. బల్ల మీద కూర్చున్నవాళ్లకి డోలు చెవిలో కాదు, నడుములో తెలిసింది. పడవాయన మొహం వెలిగిపోయింది.

ఇంజనుకి డైనమో లేదు, చేత్తో తిప్పి లేపే రకం. కాబట్టి బ్యాటరీ ఇంటి దగ్గర ఛార్జింగు పెట్టి తేవాలి. 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీ, సెట్టు 4 ఆంపియర్లు లాగితే కాగితం మీద 15 గంటలు. కానీ సగం కంటే కిందకి దించితే బ్యాటరీ ఆయుష్షు తగ్గిపోతుంది, కాబట్టి ఏడు గంటలు వాడి ఆపెయ్యమని బొగ్గుతో పలక మీద '7' అని రాసిచ్చాడు. పడవాయన దాన్ని లక్కీ నెంబరనుకున్నాడు.

ఇప్పుడు నా ఘనకార్యం. వైరు ఊగకుండా పక్క పలకకి క్లిప్పులు కొట్టాలి. ఒకచోట క్లిప్పు పట్టడం లేదని బోల్టు వేద్దామని పలకకి అటు నుంచి ఇటు కన్నం వేశాను. బయటకి వంగి చూశాను, నీళ్లకి జానెడు పైనే ఉంది. జాగ్రత్తపరుడినని నన్ను నేను మెచ్చుకుని, బోల్టు తర్వాత వేద్దామని మర్చిపోయాను.

ఆదివారం పొద్దున జనం ఎక్కారు. ఆడవాళ్లు, పిల్లలు, పులిహోర గుండిగలు, కుంపటి, మడతమంచం కూడా. ఎవరు తెచ్చారో! ఎక్కేకొద్దీ పడవ దిగింది. ఖాళీ పడవకి నీళ్లు ఎక్కడుంటాయో నిండు పడవకి అక్కడుండవని నాకెవరు చెప్పాలి? నడిమికి వెళ్లాక ఒక పిల్లాడు, "అమ్మా, ఇక్కడ కుళాయి ఉంది" అన్నాడు. చిటికెన వేలంత ధార, చక్కగా, వంపు తిరిగి, సరిగ్గా కుంపటి మీద పడుతోంది.

పడవాయన కంగారు పడలేదు. పంచె కొంగు చించి, చుట్టి, కన్నంలో కుక్కి, మడమతో ఒక పోటు పొడిచాడు. ఆగిపోయింది. తర్వాత గట్టుకొచ్చాక నూలు పీచు తారులో ముంచి గట్టిగా దిగ్గొట్టాడు. నావైపు తిరిగి, "బాబూ, మీది కరెంటు పని. కన్నం పని మాది. ఇంకెప్పుడన్నా కన్నం కావాలంటే నన్నడుగు" అన్నాడు. గుంజ పట్టుకుని కళ్లు మూసుకున్న బాబాయ్ తిరిగొచ్చేదాకా తెరవలేదు. గట్టు మీద కాలు పెట్టాక నేను ఎదురుచూస్తున్న ప్రశ్న వచ్చింది. "జనాన్ని ఎక్కించి చూశావా?"

ఆ పడవ పేరు చెప్పుకుని ఇంకో ఒకటి రెండు పనులొచ్చాయి. నిజాంపట్నం నుంచి వేటబోటు మనిషి ఒకాయన పాడైపోయిన స్పీకర్లు గోనెసంచిలో పట్టుకొచ్చాడు. సముద్రపు గాలికి కాగితం కోను నానిపోయింది, స్క్రూలు తుప్పు ముద్దలు, తీగల అతుకులు పచ్చబడ్డాయి. నది పడవలో పదేళ్లు బతికేది సముద్రంలో ఏడాది బతకదని అప్పుడు తెలిసింది. ప్లాస్టిక్ కోను, స్టీలు స్క్రూలు పెట్టి, అతుకులన్నిటికీ గ్రీజు పట్టించాడు. ఆయన వెళ్లబోతుంటే బాబాయ్ అడిగాడు, దిక్సూచి ఎక్కడుంది, స్పీకరు ఎక్కడ పెడతావు అని. రెండూ స్టీరింగు దగ్గరే అన్నాడాయన. బాబాయ్ బల్ల మీద చిన్న దిక్సూచి పెట్టి స్పీకరుని మెల్లగా దగ్గరకి జరిపాడు. ముల్లు నిద్రలో ఉలిక్కిపడ్డట్టు తిరిగి అయస్కాంతం వైపు చూసింది. ఆ మనిషి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అందుకా!" అన్నాడు. ఏం జరిగిందో మేం అడగలేదు.

ఆ కోనుల సంగతి చూసి నేనొక ప్రయోగం చేశాను. కాగితం కోనుకి వార్నిష్ పూస్తే తడవదు కదా అని నాలుగు స్పీకర్లకి దట్టంగా పూశాను. తడవలేదు. పలకనూ లేదు. వార్తలు చదివేవాళ్లు కంబళి కప్పుకుని చదువుతున్నట్టు వినపడ్డారు.

కాలం మారడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, అందరికీ జరిగిందే. క్యాసెట్లు పోయి సీడీలు, సీడీలు పోయి పెన్‌డ్రైవులు వచ్చాయి. 2000లో వచ్చిన శబ్దకాలుష్యం నిబంధనలతో రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మైకులు బంద్ అన్నారు. కార్లకి కంపెనీలే స్పీకర్లు పెట్టి ఇస్తుంటే కొత్తగా కన్నాలు కోయించుకునేవాళ్లు తగ్గారు. ఫోన్ల కంపెనీగా మనకి తెలిసిన మోటరోలా పేరు అసలు కారు రేడియోకి పెట్టిన పేరని, 1930లో మోటారు కార్లో పెట్టే రేడియో అమ్మడానికి పెట్టుకున్నారని నేను ఎక్కడో చదివి బాబాయ్‌కి చెబితే, "అయితే వాళ్లూ కన్నాలు కోసే పెద్దవాళ్లయ్యారన్నమాట" అని చాలా సంతోషించాడు. ఆ తర్వాత రెండేళ్లకే షాపు మూసేశాడు. నేను హైదరాబాదులో బ్యాంకులో పడ్డాను.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో బాబాయ్ వాళ్ల ఇంటి కింది భాగం మునిగిపోయింది. కృష్ణలో పడవలు కొట్టుకొచ్చి బ్యారేజీ గేట్లకి గుద్దుకున్నాయని టీవీలో చూస్తూ నేను ఫోను చేస్తూనే ఉన్నాను. మూడో రోజు కలిసింది. వాళ్లు మేడ మీద బాగానే ఉన్నారు. వెనక ఏదో గోల వినపడుతోంది. పాలూ నీళ్లూ పంచుతున్న ట్రాక్టరు వీధిలోకి వచ్చిందట. ఆ కుర్రాళ్లు ట్రాక్టరుకి కట్టింది బాబాయ్ అటక మీదున్న పాత హారనే. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఆయన మేడ మీద నుంచి అరుస్తున్నాడు. "ఆ మూతి కిందకి వంచరా! నీళ్లు నిలబడతాయి! వంచు, ఇంకాస్త!" నాతో మాత్రం ఒక్క ముక్క మాట్లాడలేదు.

నీళ్లు తీశాక నేను వెళ్లాను. కింది గదిలో ఆయన దాచుకున్న స్పీకర్లు ఓ ముప్పై ఉంటాయి. కాగితం కోనులన్నీ పాలల్లో వేసిన అప్పచ్చుల్లా ఉబ్బి ఉన్నాయి. అయస్కాంతాలు మాత్రం ఒకదాన్నొకటి పట్టుకుని వదలడం లేదు. ఆయన వాటిని విడదీసి కడిగి మేడ మీద వరసగా ఎండబెట్టాడు. ఎందుకు బాబాయ్ అంటే, "ఇనుము కదరా" అన్నాడు.

మొన్న దసరాకి నేను కొత్త కారులో వెళ్లాను. ఎనిమిది స్పీకర్లు, అన్నీ కంపెనీవే, దేనికీ స్క్రూ కనపడదు. బాబాయ్‌ని ముందు సీట్లో కూర్చోబెట్టాను. 78 ఏళ్లు, మోకాళ్లు మడవడం కష్టం. నేను పాట పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. వార్తలు పెట్టాను. కళ్లు మూసుకుని విన్నాడు. శ బాగుంది, స బాగుంది. 'భ' వచ్చినప్పుడు కళ్లు తెరిచాడు.

"ఈ తలుపులో ఏదో గిలగిలలాడుతోంది."

"కొత్త కారు బాబాయ్, రెండు నెలలు కూడా కాలేదు."

"గ్లాసు దించు."

దించాను. గరగర పోలేదు. పైకెత్తమన్నాడు, ఎత్తాను. వేళ్ల కొసలు తలుపు ప్యాడు మీద ఆనించి, వెనకటిలాగే మెత్తగా నొక్కుకుంటూ కిందకి వచ్చాడు. నీళ్ల సీసా పెట్టుకునే అరలో చెయ్యి పెట్టి తడిమి, పది రూపాయల బిళ్ల ఒకటి బయటకి తీశాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మజూరీ" అని చొక్కా జేబులో వేసుకున్నాడు.